టెంటు బరువు తగ్గింది, ఆవిడ రానంటోంది

ఈ వారం వచ్చిన ఉత్తరం ఆరు పేజీలు. అందులో రెండు పేజీలు డేరా ఎలా కుట్టారో చూపే బొమ్మలే. పేరు రాయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆయనకు నలభై ఒకటి. పదేళ్లుగా కొండల్లో నడుస్తున్నారు, అయిదేళ్లుగా భార్య కూడా వెంట వస్తోంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగైదు రాత్రులు. పాత టెంటు రెండు పొరలది, మొత్తం 2,700 గ్రాములు. నిరుడు మోకాలి నొప్పి మొదలైంది, మోసే బరువు తగ్గించమని డాక్టర్ చెప్పారు. అక్కణ్నుంచి నోట్‌బుక్కు, త్రాసు, గ్రాముల లెక్క. మూడు నెలలు మిషను ముందు కూర్చుని సిల్‌నైలాన్ (సిలికాన్ పూసిన పలుచని నైలాన్) గుడ్డతో సొంతంగా ఒక డేరా కుట్టుకున్నారు. రాటగా ఒకే ఒక్క ట్రెక్కింగ్ పోల్ (నడిచేటప్పుడు చేతిలో ఉండే కర్ర), అదీ తల వైపుకు జరిపి. కాళ్ల వైపు నేల నుంచి ఎత్తు ముప్ఫై సెంటీమీటర్లే. తలుపు లేదు. ఆ ఖాళీకి అడ్డంగా, వానలో ఎలాగూ వాడే గొడుగునే తెరిచి కట్టేస్తారు. బరువు 620 గ్రాములు.

మొదటి రాత్రి బ్రహ్మాండంగా గడిచింది. గొడుగు పక్కకు పెట్టి నక్షత్రాలు చూస్తూ పడుకున్నారట. రెండో రాత్రి లోయలో వాగు పక్కన, గడ్డి మెత్తగా ఉన్న చోట వేశారు. అర్ధరాత్రికి లోపలి గోడలన్నీ నీళ్లు. భార్య స్లీపింగ్ బ్యాగు పాదాల దగ్గర తడిసి ముద్దయింది. రెండు గంటలకు మబ్బు కమ్మి, గాలి దిశ మారింది. గొడుగు ఎగిరింది, ఒక మేకు ఊడింది, గుడ్డ ఇద్దరి మొహాల మీద పడింది. ఆయన బయటికెళ్లి తాళ్లు సరిచేస్తుంటే ఆవిడ లోపల రెయిన్‌కోటు వేసుకుని కూర్చుంది. పొద్దున ఏమీ అనలేదు. దిగి వస్తున్నప్పుడు మాత్రం, "ఈసారి పాత టెంటు నేనే మోస్తాను, మీది మీరు వేసుకోండి" అంది. అప్పట్నుంచి ప్రయాణం మాటెత్తితే విషయం మార్చేస్తోంది.

స్నేహితుల్లో ఒకరు పిరమిడ్ డేరా కొనమంటారు, ఒకరు హ్యామక్ (చెట్ల మధ్య కట్టే ఊయల పడక) అంటారు, ఇంకొకరు డైనీమా అనే బాగా తేలికైన, గట్టి గుడ్డ టెంటు తప్ప దేన్నీ లెక్కచెయ్యరు. ఆయన ప్రశ్నలు మూడు. నా డిజైన్లోనే తప్పుందా, లేక ఆ రాత్రి మా ఖర్మా? వీటన్నిట్లో ఏది మంచిది? ఆవిణ్ని ఎలా ఒప్పించాలి?

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బొమ్మలు మూడుసార్లు చూశాను. ముందుగా చెప్పాల్సింది, మీ కుట్టు బాగుంది. పైఅంచు తాడులా సరళరేఖలో పోకుండా కొద్దిగా కిందికి వంపు తిరిగేలా కత్తిరించారు. గుడ్డ ముడతలు పడకుండా సమంగా లాగి నిలబడాలంటే ఆ వంపు ఉండాలి. మొదటిసారి కుట్టేవాళ్లు సాధారణంగా అది వదిలేస్తారు.

కానీ మొదట మీ మూడో ప్రశ్న దగ్గరికి వస్తాను. ఎందుకంటే మిగతా రెండింటికీ జవాబు అందులోనే ఉంది. మీ నాలుగో పేజీ మధ్యలో, బ్రాకెట్లో, ఒక చిన్న వాక్యం ఉంది: "(మేకు మళ్లీ నిలవకపోవడంతో తెల్లవారే వరకు పోల్ ఆమె చేత్తో పట్టుకుంది)". అక్కణ్నుంచి మీరు వెంటనే గుడ్డ నీటినిరోధకత మీదికి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆ రాత్రి మీ డేరాకు రాట మీ ఆవిడ చెయ్యి.

తేలికపాటి డేరాల గురించి ఎవరూ సూటిగా చెప్పని సంగతి ఇదే. తీసేసిన బరువు చేసే పని ఎక్కడికీ పోదు, ఇంకెవరో చెయ్యాలి. పాత టెంటులో రెండో పొర చేసే పనిని కొత్తదాంట్లో చోటు ఎంచుకునే మీ కన్ను చెయ్యాలి. వంగే కడ్డీలు చేసే పనిని మేకులు, ముడులు చెయ్యాలి. తలుపు చేసే పనిని గొడుగు చెయ్యాలి. ఇవన్నీ మీరు ఇష్టపడి నెత్తిన వేసుకున్న పనులు. రెండు గంటల రాత్రి మీ నైపుణ్యం చాలకపోతే మిగిలిన పని ఎవరి మీద పడిందో చూశారుగా. ఆవిడకు ఆ ఒప్పందం సంగతే తెలియదు.

"ఆమెకు బరువు విషయం అర్థం కావట్లేదు" అని రాశారు. అర్థం కాకపోవడమేం? పొడి నిద్ర కోసం 2,700 గ్రాములు తనే మోస్తానంది. మీ నోట్‌బుక్కులో ఇంత కచ్చితమైన అంకె ఇంకోటి లేదు.

అంకెల మాట వచ్చింది కాబట్టి మీ లెక్క ఒకసారి చూద్దాం. పాత టెంటుకు మేకులు, సంచి, తాళ్లు అన్నీ కలిపి 2,700 రాశారు. కొత్తదానికి గుడ్డా తాళ్లూ మాత్రమే, 620. పది మేకులు, ఒక్కోటి పన్నెండు గ్రాముల చొప్పున 120. కింద పరిచే షీటు మీరు విడిగా ఇంకో పేజీలో రాసుకున్నారు, 180. గొడుగు 230. గొడుగు ఎలాగూ తెస్తానంటారేమో, ఆవిడ తేదు కదా, మునుపు మీరూ తెచ్చేవారు కాదు. మొత్తం 1,150. పోల్ ఎలాగూ చేతిలో ఉండేదే కాబట్టి దాన్ని వదిలేద్దాం. అంటే మిగిలింది 2,080 గ్రాములు కాదు, 1,550. ఇద్దరూ పంచుకుని మోస్తే మనిషికి 775. తక్కువేం కాదు, మోకాలికి అదీ మేలే. కానీ మీరు ఉత్తరం పొడుగునా వాదిస్తున్నది రెండు కిలోల గురించి. కంపెనీలు కూడా బరువు చెప్పేటప్పుడు మేకుల్ని, సంచిని వదిలేసి చెప్పే అలవాటుంది. మనం ఇంట్లో మన లెక్కకూ అదే పని చేసుకుంటే ఎలా?

ఇక ఆ రాత్రి సంగతి. డిజైన్ తప్పా, ఖర్మా అని అడిగారు. రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. మూడు వేరువేరు విషయాలు కలగాపులగమై మీకు ఒకే ప్రమాదంలా కనబడుతున్నాయి. విడదీసి చూద్దాం.

మొదటిది చెమ్మ. లోపలి గోడల మీద నీళ్లు కనబడగానే మీరు గుడ్డ కారుతోందనుకున్నారు, కుట్ల మీద సిలికాన్ ఇంకో పూత వేశారు. అది అనవసరం. అప్పటికింకా వాన పడనే లేదు కదా. ఆకాశం తేటగా ఉన్న రాత్రి, పైకి తెరుచుకుని ఉన్న ఏ పలుచని గుడ్డయినా తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. చల్లటి లోటా మీద నీటిబొట్లు పట్టినట్టు దాని మీద నీళ్లు పడతాయి. పైనా పడతాయి, లోపలా పడతాయి. లోపల మీ ఇద్దరి ఊపిరి దానికి తోడు. రాత్రంతా ఒక మనిషి ఊపిరితో, ఒంటి ఆవిరితో బయటికి వదిలే నీరు కొన్ని వందల మిల్లీలీటర్లు ఉంటుంది. ఇది చాలదన్నట్టు మీరు లోయ అడుగున, వాగు పక్కన వేశారు. రాత్రిపూట చల్లగాలి బరువెక్కి కిందికి జారి లోయలోనే నిలుస్తుంది, వాగు దగ్గర తేమా ఎక్కువే. అదే సాయంత్రం ఓ నలభై మీటర్లు పైకెక్కి చెట్ల కింద వేసి ఉంటే నీళ్లు చాలా తక్కువ పట్టేవి. చెట్టు కొమ్మ కూడా ఒక కప్పే. గుడ్డకూ తేట ఆకాశానికీ మధ్య అడ్డుంటుంది.

అందుకే డైనీమా కొంటే చెమ్మ ఉండదనే మీ స్నేహితుడి మాట నమ్మకండి. అది నీరు పీల్చదు, నిజమే. పీల్చదు కాబట్టే పట్టిన నీరంతా బొట్లుగా పైనే నిలుస్తుంది. ఒంటి పొర డేరా ఏ గుడ్డతో చేసినా ఇంతే. రెండు పొరల టెంటులోనూ చెమ్మ పడుతుంది, కానీ అది బయటి పొర మీద పడుతుంది, మనిషికి తగలదు. మీ డిజైన్లో తగిలింది. ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తులో గుడ్డ, కింద గాలి పరుపు ఆరేడు సెంటీమీటర్లు, దాని మీద ఉబ్బిన స్లీపింగ్ బ్యాగు, అందులో నిటారుగా రెండు పాదాలు. ఇంక ఖాళీ ఎక్కడిది? బ్యాగు రాత్రంతా ఆ తడి గోడను తుడుస్తూనే ఉంది. ఈకల బ్యాగు తడిస్తే ఉబ్బు పోతుంది, ఉబ్బు పోతే వెచ్చదనం పోతుంది. ఇక్కడ చోటు ఎంపిక సగం తప్పు, కాళ్ల వైపు ఎత్తు సగం తప్పు. రెండూ దిద్దుకోదగ్గవే.

రెండోది మేకు. దీన్ని మీరు ఖర్మ ఖాతాలో రాశారు. కాదు. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం వీణ తీగలా లాగి కట్టిన గుడ్డ, మంచు పట్టాక రెండు మీటర్ల పొడవు మీద కొన్ని సెంటీమీటర్లు సాగి వదులవుతుంది. వదులైన గుడ్డ గాలికి కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ తాడు మేకును ఒకసారి గుంజి వదులుతుంది. గట్టిగా పట్టి లాగితే రాని మేకు కూడా అటూ ఇటూ కదిపితే వచ్చేస్తుంది, గోడకు కొట్టిన మేకును మనం తీసేది అలాగే కదా. వాగు పక్కన మెత్తని గడ్డినేల ఎలాగూ ఉంది. అందుకే సిల్‌నైలాన్ వాడేవాళ్లు పడుకోబోయే ముందు ఒకసారి లేచి తాళ్లన్నీ మళ్లీ బిగిస్తారు. కొందరు తాడు చివర చిన్న ఎలాస్టిక్ ఉంగరం కడతారు, గుడ్డ సాగిన మేర అది లాక్కుంటుంది. పాలియెస్టర్ గుడ్డకు ఈ సాగుడు చాలా తక్కువ, డైనీమాకు దాదాపు లేనట్టే.

ఒంటి రాట డేరాల్లో ఇంకో చిక్కు. పాత టెంటులో ఒక మేకు ఊడితే ఒక మూల వదులవుతుంది, కడ్డీలు నిలబెట్టే ఉంచుతాయి. మీదాంట్లో రాటను పట్టుకున్న ముఖ్యమైన మేకు ఊడితే మొత్తం కూలుతుంది. అలాంటి మేకు ఏదో ముందే గుర్తించి అక్కడ పొడుగాటి, మూడు రెక్కల మేకు వాడాలి, దాని వెనక ఇంకోటి కట్టాలి, పైన రాయి పెట్టాలి. మీ పది మేకులూ ఒకే రకం సన్నని టైటానియం పుల్లలు. రాతినేలలో సందులు వెతుక్కుని దిగడానికి అవి బాగుంటాయి కానీ మెత్తటి మట్టిలో పట్టు ఉండదు.

మూడోది గొడుగు. మీరు అన్నిటికంటే ఎక్కువగా గర్వపడేది దాని గురించే అని తెలుస్తోంది, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను. ఒకే వస్తువును రెండు పనులకు వాడటం ఈ విద్యలో మూలసూత్రమే. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ అమ్మమ్మ, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అపలాచియన్ ట్రైల్ మొత్తం ఒంటరిగా నడిచింది. భుజానికి తను కుట్టుకున్న గుడ్డసంచి, వానకు స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ తెర. ఇప్పుడు పగలు వానకోటుగా, రాత్రి డేరాగా వాడే ఒక అంగీకి ఆమె పేరే పెట్టుకున్నారు. కాబట్టి మీ ఆలోచనకు పెద్దల ఆశీస్సులు ఉన్నాయి. ఎమ్మా ఒంటరిగా వెళ్లిందన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

అయితే రెండు పనుల వస్తువుకు ఒక పరీక్ష ఉంది. ఆ రెండు పనులూ ఒకేసారి అవసరమయ్యే క్షణం ఉందా? నేను ఒకప్పుడు పాంచోనే (తల మీంచి వేసుకునే వదులు వానంగీ) డేరాగా మార్చే మోజులో ఉండేవాణ్ని. ఒక సాయంత్రం జోరువానలో దిగబడ్డాను. ఒంటి మీద ఉన్నది విప్పితేనే పైకప్పు లేస్తుంది, పైకప్పు లేచేదాకా ఒంటి మీద ఏమీ లేదు. బనీనుతో ముడులు వేస్తూ, వేళ్లు కొంకర్లు పోయి, తాడు పళ్లతో లాగాను. అది వేసి లోపలికి దూరేసరికి నేనే లోపల వాన. మీ గొడుగుకూ అదే కథ. వానలో రాత్రి ఎవరైనా మూత్రానికి లేస్తే గొడుగు తీసుకెళ్లాలా, తలుపుగా వదిలెయ్యాలా? లేచిన మనిషి తడవాలి, లేకపోతే పడుకున్న మనిషి తడవాలి. పైగా గాలి ఒత్తిడి వేగంతో పాటు సమంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గంటకు ఇరవై కిలోమీటర్ల గాలిలో బుద్ధిగా కూర్చున్న గొడుగు నలభైలో ఊరుకోదు. ట్రెక్కింగ్ పోల్ మాత్రం ఈ పరీక్ష నెగ్గుతుంది, రాత్రి ఎవరూ దాన్ని పట్టుకుని నడవరు కాబట్టి. ఒకచోట డేరా వేసి పగలు శిఖరానికి పోయి వస్తానంటే మాత్రం ఓడుతుంది.

ఇప్పుడు దారులు చూద్దాం. ఏది మంచిదని అడిగారు. మంచిదేదో చెప్పలేను, ఏది ఎంచుకుంటే ఏం జరుగుతుందో చెప్పగలను.

మీ డేరానే బాగుచేసుకోవచ్చు. కాళ్ల వైపు గుడ్డ మధ్యలో ఒక పట్టీ కుట్టి, బయట ఓ పొడుగాటి కర్రో రెండో పోలో పెట్టి పైకి లాగితే పాదాల మీద ఇరవై సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది. గొడుగు స్థానంలో ముక్కులా ముందుకు పొడుచుకొచ్చే గుడ్డ తలుపు, పై కొనలో గాలి పోయే రంధ్రం. ముఖ్యమైన మూలలకు వేరే మేకులు. నూటయాభై, రెండు వందల గ్రాములు పెరుగుతుంది, గొడుగు ఇంట్లో ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. కానీ ఇంత చేసినా అది ఒక్కరి డేరానే. మీ బొమ్మలో భుజాల దగ్గర వెడల్పు నూట ఇరవై సెంటీమీటర్లు రాశారు, అది నేల మీద కొలత. వాలు గోడ కదా, మొహం ఉండే ఎత్తులో చూస్తే తొంభై కూడా మిగలదు. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ గోడ వైపు. ఆ ఒకరు ఎవరో ఉత్తరంలో రాయలేదు గానీ, ఎవరి బ్యాగు తడిసిందో రాశారు.

పిరమిడ్ సంగతి. నాలుగు మూలలు, నడుమ ఒక రాట, ఏటవాలు గోడలు. గాలిని అన్ని వైపులా ఒకేలా ఎదుర్కొంటుంది, మంచు కురిస్తే జారిపోతుంది. ఒంటి రాట డేరాల్లో తుఫానుకు నేను నమ్మేది దీన్నే. మీకు ఇందులో నచ్చనిది ఒకటుంటుంది, ఆవిడకు నచ్చనివి రెండు. రాట సరిగ్గా ఇద్దరి మధ్య. జంటలు ఒక పోల్ బదులు రెండింటిని తిరగేసిన వి ఆకారంలో పెట్టి మధ్య ఖాళీ చేసుకుంటారు, అది నేర్చుకోవచ్చు. తలుపు వాలుగా ఉంటుంది కాబట్టి వానలో జిప్పు తెరిస్తే ఆ వాన తిన్నగా లోపలికే. ఆపైన ఇదీ ఒంటి పొరే, లోపల దోమతెర గది వేలాడదీస్తే చెమ్మ నుంచి కాపాడుతుంది గానీ మళ్లీ నాలుగు వందల గ్రాములు. లోపల ఎత్తు బాగుందని స్టవ్ వెలిగించాలనిపిస్తుంది. తలుపు మూసి వెలిగించొద్దు. దాంట్లోంచి వచ్చే ప్రాణాంతక వాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

చదరపు టార్ప్ (పైకప్పుగా కట్టే ఉత్త గుడ్డ), ఒక్కొక్కరికీ ఒక బివీ సంచి (స్లీపింగ్ బ్యాగు మీద తొడిగే పలుచని తొడుగు). గ్రాముల్లో దీన్ని కొట్టేది లేదు. మూడు మీటర్ల చదరం గుడ్డను వానకు ఒకలా, ఎండకు ఒకలా, గాలికి నేల కరిపించి ఒకలా వెయ్యొచ్చు. తాడు కట్టే ఉంగరం చిరిగిపోతే గుడ్డ మడతలో గులకరాయి పెట్టి దాని మెడకు తాడు ముడేసి లాగొచ్చు. ఈ ముడి వేసినప్పుడల్లా నాకు చిన్నపిల్లాడి సంతోషం. మీరు దీనికే పుట్టారు. ఆవిడతో మాత్రం వద్దు. గోడల్లేని కప్పు కింద సంచిలో దూరి జిప్పు వేసుకుని పడుకోవడం, ఆ రాత్రి తర్వాత, ఆవిడ అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం.

హ్యామక్ మీద నాకు గౌరవం ఉంది, మీ మోకాలికీ మంచిది. నేల మీంచి లేచే బాధ లేదు, కుర్చీలోంచి లేచినట్టు లేస్తారు. నేల వాలుగా ఉన్నా, రాళ్లున్నా, బురదున్నా పట్టింపు లేదు. కానీ నాలుగైదు మీటర్ల ఎడంలో రెండు గట్టి చెట్లు కావాలి, మీరు వెళ్లే దారుల్లో సగం చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైనే అని మీరే రాశారు. వీపు కింద నొక్కుకుపోయిన స్లీపింగ్ బ్యాగు చలి ఆపదు, కింద వేలాడే ఇంకో దుప్పటి కావాలి. పైన టార్ప్, చెట్టు బెరడు కొయ్యకుండా వెడల్పు పట్టీలు, ఇవన్నీ ఇద్దరికీ రెండేసి. కూడి చూస్తే తేలిక అన్న మాటే నిలవదు.

రెండు పోల్స్‌తో నిలబడే డేరా. అడుగు గుడ్డ, దోమతెర, రెండు వైపులా రెండు తలుపులు అన్నీ కలిపి కుట్టేసి ఉంటాయి. రెండు పోల్స్ చెరో వైపు ఉంటాయి కాబట్టి మధ్యలో అడ్డం లేదు, గోడలు నిటారుగా ఉంటాయి. ఎవరి తలుపు వారిది, రాత్రి లేవాలంటే ఒకరినొకరు దాటక్కర్లేదు. డైనీమాలో ఇద్దరి డేరా ఆరేడు వందల గ్రాముల్లో వస్తుంది, పాలియెస్టర్‌లో కిలో పైన. డైనీమా తడిసినా సాగదు, నీరు దిగదు. కానీ ఖరీదు చాలా ఎక్కువ. ముల్లుకు, రాతి రాపిడికి త్వరగా లొంగుతుంది. సంచిలో కుక్కకూడదు, మెల్లిగా చుట్టాలి. లోపలి దీపం బయటికి కనబడుతుంది. పాలియెస్టరుకు ఈ సున్నితాలేమీ లేవు, మీలాంటి కుట్టుపనివాడు దాన్ని ఇంట్లోనే కుట్టగలడు కూడా. ఇదీ ఎక్కువగా ఒంటి పొరే కాబట్టి చెమ్మ ఉంటుంది. కాళ్ల దగ్గర ఎత్తు, రెండు వైపులా గాలి దారి ఉండటం వల్ల భరించేలా ఉంటుంది. ఇద్దరూ కలిసి నడవడమే ముఖ్యమనుకుంటే నా మొగ్గు ఇటే.

మీరు అడగనిది కూడా ఒకటి చెబుతాను, మీకు చప్పగా అనిపిస్తుంది. రెండు పొరలతో, సన్న కడ్డీలతో తనంతట తాను నిలబడే ఇద్దరి టెంట్లు ఇప్పుడు 1,300 గ్రాముల్లో ఉన్నాయి. మీ డేరా నిజమైన బరువు 1,150 అని తేలింది కదా. తేడా నూటయాభై గ్రాములు, మనిషికి డెబ్బై అయిదు. ఇందులో కొత్తదనం లేదు, స్నేహితులకు చూపించుకునేందుకు ఏమీ లేదు. ఆవిడ మాత్రం వచ్చే నెలే బయల్దేరొచ్చు. మీకు కావలసింది తక్కువ బరువా, లేక మీ చేత్తో చేసింది కొండ మీద నిలబడటమా, తేల్చుకోవాల్సింది మీరు. రెండోదే అయితే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దానికి ఆవిడ స్లీపింగ్ బ్యాగు ప్రయోగశాల కాకూడదంతే.

అందుకే ఆవిడ అన్న మాటను అలక అనుకోకుండా ప్రతిపాదనగానే తీసుకుని చూడండి. చెరో డేరా. మీది మీరు, ఆవిడ ఒక చిన్న ఒంటరి టెంటు. మీ ప్రయోగాలు స్వేచ్ఛగా సాగుతాయి, ఆవిడ నిద్ర ఆవిడకుంటుంది, మీది కూలితే దూరడానికి పక్కన ఇంకో కప్పు ఉంటుంది. నష్టం, మొత్తం బరువు పెరుగుతుంది, చలిలో ఒకరి వెచ్చదనం ఒకరికి దక్కదు, నక్షత్రాలు ఎవరికి వారే చూసుకోవాలి. లేదా ఏడాదిలో ఒక ప్రయాణం మీరొక్కరే మీ డేరాతో, మిగతావి ఇద్దరూ ఇద్దరికీ నచ్చినదాంతో. చాలామంది చివరికి వచ్చి ఆగేది ఇక్కడే, నేనూ అంతే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. మీరు ఈ రెండు కష్టాలనూ కలిపి 620 గ్రాముల్లో పెట్టారు. ఒప్పించే ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ రాత్రి ఏది భరించలేకపోయిందో అడగండి. తడి కాళ్లా, మొహం మీద పడ్డ గుడ్డా, చీకట్లో మీరు బయట ఉండిపోవడమా? ఒక్కోదానికి మందు వేరు. కాళ్లయితే చోటు ఎంపిక, ఎత్తు. గుడ్డయితే ఒంటి రాట మానెయ్యడం. మూడోది అయితే ఆవిడకు డేరా మార్చడం కంటే డేరా వెయ్యడం తెలియడం ముఖ్యం. ఏది కొన్నా, ఏది కుట్టినా, గాలి ఉన్న సాయంత్రం ఎక్కడైనా మైదానంలో ఆవిణ్ని ఒక్కదాన్నే వెయ్యమనండి. మీరు చేతులు కట్టుకుని దూరంగా కూర్చోండి, సలహాలివ్వకండి. తాడు బిగించే జారుముడి ఆవిడ చేతికి రాకపోతే బిగించే క్లిప్పులు పెట్టండి, నాలుగు గ్రాములు పోతే పోనివ్వండి. మీకు కాలు మడతపడి కదల్లేని రాత్రి వస్తే ఆ కప్పు వెయ్యాల్సింది ఆవిడే.

ఒక్క వివరం మీ ఉత్తరంలో లేదు. ఊడింది ఏ మేకు? తల వైపు రాటను లాగి పట్టుకున్నదా, గాలి వచ్చిన పక్క మూలదా? మొదటిదైతే మేకు మార్చి, జంట మేకు వేస్తే సరిపోతుంది. రెండోదైతే మీ డిజైన్లో ఆ పక్క గోడ మరీ పెద్దది, నడుమ ఇంకో తాడు కుట్టక తప్పదు. మీరు అప్పుడు బయట చీకట్లో తాళ్లు వెతుక్కుంటున్నారు కాబట్టి మీకు గుర్తుండకపోవచ్చు. రాట ఎటు లాగుతోందో, ఎంత గట్టిగా లాగుతోందో దాన్ని తెల్లవారే దాకా పట్టుకున్న మనిషికి తెలుసు. ఆవిణ్నే అడిగి, గీసిన బొమ్మ మీద ఆ మూల గుర్తు పెట్టించి పంపండి.